అడిగింటే చెప్పేవాడు

"ఏమప్పా, యాడికి పోతాండావు? కూచో."

ఆస్పత్రి వరండాలో ఆ ముసలామె ఒక రైతు కండువాను గట్టిగా పట్టుకుంది.

"సూది ఏసుకున్నా గదవ్వా. ఇంటికి పోవల్ల. వదులు."

"పోదువులే. కాసేపు ఈడ కూచుంటే నీ చేనేం ఎండిపోదు. ఈ పెన్సిలిన్ ముందెప్పుడన్నా ఏసుకున్నావా? దద్దుర్లు లేచినాయా? ఊపిరి ఆడకుండా అయిందా?"

రైతు బెదిరిపోయాడు. సూది కోసం వరుసలో నిలబడినవాళ్ళూ బెదిరారు. ఇద్దరు ఆడవాళ్ళు మాకు సూదే వద్దనుకుని మెట్లు దిగిపోయారు.

లోపలి నుంచి చూస్తున్న నర్సు జయమ్మకు ఒళ్ళు మండింది.

అది 1959. హిందూపురంలో వర్తకుల ధర్మంతో నడిచే ఆ చిన్న ఆస్పత్రికి జయమ్మ కొత్తగా వచ్చింది. పెన్సిలిన్ పుణ్యమా అని పాడె ఎక్కాల్సినవాళ్ళు లేచి నడుస్తున్న రోజులు.

"ఎవరు తిప్పన్నా ఆమె?" అని వార్డు పనివాణ్ణి అడిగింది.

"రోజూ పెనుకొండ నుంచి రైల్లో వస్తాదమ్మా. సూది ఒంటికి పడక కొడుకు సచ్చిపోయినాడంట. అప్పట్నుంచి ఇట్లే. మీకు ముందు ఈడుండిన నర్సమ్మ ఏమీ అనేది కాదు."

జయమ్మ వరండాలోకి వచ్చింది.

"అవ్వా, నీ కష్టం పగవాళ్ళకు కూడా వద్దు. అయితే నీవల్ల జనం సూదంటేనే జడుస్తాండారు. మందు లేక సచ్చేవాళ్ళ పాపం ఎవరిది?"

"నన్ను తిట్టుకో తల్లీ. వాళ్ళను మాత్రం అడుగు. అడిగి ఏయి. ఏసినాక కాసేపు కండ్ల ముందర పెట్టుకో."

"నా పని నాకు నేర్పద్దు. రేపట్నుంచి ఈడికి రావద్దు."

ముసలామె లేచింది. మెట్ల దగ్గర ఆగి వెనక్కి చూసింది. జయమ్మ ముఖాన్ని కాదు, ఆమె చేతిలో ఉన్న సిరంజిని.

మళ్ళీ రాలేదు.

వరండాలో గొడవ లేదు. వరుస చకచకా కదులుతోంది. జయమ్మకు పని హాయిగా సాగింది.

ఒక ఉదయం ఈశ్వరప్ప అనే ధర్మవరం నేతగాడు వచ్చాడు. చుట్టాలింటికి వచ్చినప్పుడు కాలికి మేకు దిగి చీము పట్టింది. వెంట భార్య రంగమ్మ ఉంది. డాక్టరు కేశవమూర్తి కాలు చూసి పెన్సిలిన్ వేయమన్నాడు.

"బిరీన ఏయమ్మా. రైలుకు పోవల్ల. మగ్గం మీద పెండ్లి చీర సగంలో ఉండాది."

జయమ్మ నవ్వి సూది వేసింది. ఏమీ అడగలేదు.

అతను కుంటుకుంటూ, భార్యతో ఏదో చెప్పి నవ్వుతూ మెట్లు దిగిపోయాడు.

స్టేషన్లో బల్ల మీద కూర్చున్నాడు. అరచేతులు దురద పెడుతున్నాయన్నాడు. చూస్తుండగానే పెదవులు వాచాయి. గొంతు పూడుకుపోయింది. జట్కాలో ఆస్పత్రికి తెచ్చేసరికి మనిషిలో ఊపిరి లేదు.

కేశవమూర్తి విరుగుడు సూది పొడిచాడు. ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత చెవుల నుంచి దాన్ని మెల్లగా తీసేశాడు.

"ఇక్కడే ఉండుంటే బతికించేవాణ్ణేమో" అన్నాడు తనలో తాను.

రంగమ్మ ఏడవలేదు. జయమ్మ వైపు తిరిగింది.

"పోయినేడు ఇదే సూది ఏస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచినాయి. మీరు అడగలేదు. అడిగింటే చెప్పేవాడు గదమ్మా."

ఆ మాట జయమ్మను వదల్లేదు.

మరిగే నీళ్ళలో గాజు సిరంజి కదిలి టక్కుమన్నప్పుడల్లా అదే వినిపించేది. రైలు కూసినా అదే. ఎదుట ఎవరు చెయ్యి చాపినా ఈశ్వరప్ప చెయ్యిలాగే ఉండేది. వరండాలో, గోడ వారగా ఆ ముసలామె కూచునే కాస్త చోటును జనం తప్పుకుని నడుస్తున్నట్టు అనిపించేది.

ఇప్పుడామె అందర్నీ అడుగుతోంది. సూది వేశాక ఎవర్నీ వెంటనే పోనివ్వడం లేదు.



ఒక ఆదివారం పెనుకొండకు రైలెక్కింది. ఆ ముసలామె కాళ్ళు పట్టుకోవాలి. ఎట్లాగైనా తిరిగి పిలుచుకు రావాలి.

కొండ కింది వీధుల్లో అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. కుళ్ళాయమ్మ అనే మరో ముసలామె అరుగు మీద శనక్కాయలు ఒలుస్తోంది.

"హిందూపురం ఆస్పత్రికి వచ్చే అవ్వ ఈడేనా ఉండేది?"

"ఈడే ఉండె. పోయిన నెల కండ్లు మూసింది తల్లీ. ఆడికి రావద్దన్నారంట. ఆ పొద్దు పట్టిన మంచం మళ్ళా దిగలా. నా చేతుల్తోనే మట్టి ఏసినా."

జయమ్మ అరుగు మీద కూలబడింది.

"రావద్దన్నది నేనే. కొడుకును పోగొట్టుకున్న తల్లిని తరిమేసినా."

కుళ్ళాయమ్మ ఒలుస్తున్న చేతులు ఆగిపోయాయి.

"కొడుకు పోయింది నాకమ్మా. ఆమెకు కాదు."

"మరి ఆమె?"

"వాణ్ణి పూడ్చినాక వచ్చి నా వాకిట్లో కూచుంది. తిట్టినా. పేడనీళ్ళు కుమ్మరించినా. లేచి పోలా. ఎండలో అట్లే కూచుంటే ఎన్నాళ్ళని చూస్తాం? ఇంత సంగటి పెట్టినా. ఇంగ ఈడనే ఉండిపోయింది."

"ఎవరమ్మా ఆమె?" అని అడిగింది జయమ్మ.

కుళ్ళాయమ్మ ఆమె చేతుల వైపు చూస్తూ నెమ్మదిగా అంది.

"నీ మాదిరే నర్సమ్మ. ఆ పొద్దు నా బిడ్డకు సూది ఏసింది ఆమే."