పది లక్షల్లో ఒక్కడు

"వద్దంటే వద్దు!" లాటరీ తాత చొక్కా చేతులు మణికట్టు దాకా దించి గుండీ పెట్టేసుకున్నాడు.

సిరంజి పట్టుకుని నిలబడ్డ నర్సుకు ఒళ్ళు మండింది. వీధి వీధికీ తిరిగి, నచ్చజెప్పి, టీకాలు వేయడం ఆమె ఉద్యోగం. కన్నతండ్రే మొండికేశాడు. ఎవరి తలుపు తట్టినా ఒకటే మాట: "ముందు మీ నాన్నకి వెయ్యమ్మా, తర్వాత మాకు చెబుదువుగానీ." మొన్ననే పక్కింటి దర్జీని దగ్గు, ఆయాసంతో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మనిషి తిరిగి రాలేదు. రాత్రిళ్ళు తండ్రి దగ్గినప్పుడల్లా ఆమె లేచి కూర్చుంటోంది.

"అసలు నీ భయమేంటి నాన్నా?"

"పేపర్లో మీవాళ్ళే వేశారు కదే. టీకా వికటించేది పది లక్షల్లో ఒక్కరికని."

"ఒక్కరికేనని ధైర్యం చెప్పడానికి వేశారు!"

"ఆ ఒక్కడూ నేనైతే?"

నర్సు సిరంజి పక్కన పెట్టింది. ముప్పై ఏళ్ళుగా బడ్డీలో కూర్చుని "పది లక్షల్లో ఒక్కరు! ఆ ఒక్కరూ మీరే!" అని కేకలేస్తూ టికెట్లమ్మిన మనిషి. అరిచి అరిచి ఆ మాట ఊరికంటే ముందు తనే నమ్మేశాడు. ఎక్కడ పట్టుకోవాలో ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఇన్నేళ్ళలో నీ దగ్గర కొన్నవాళ్ళెవరికైనా మొదటి బహుమతి తగిలిందా?"

తాత తల గోక్కున్నాడు. "లేదనుకో."

"పోనీ, అమ్ముడుపోక నీ పెట్టెలో మిగిలిపోయిన టికెట్లకి?"

"వాటికా! పొయ్యి రాజేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు."

"మరి ముప్పై ఏళ్ళుగా అదృష్టానికి దొరకనివాడివి, దురదృష్టానికి మాత్రం ఇట్టే దొరికిపోతావా?"

తాత వేళ్ళ మీద ఏవో లెక్కలు వేసుకున్నాడు. తర్వాత గుండీ విప్పి, కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాపాడు.

లాటరీ తాతే వేయించుకున్నాడట అని తెలిశాక ఇంకెవరాగుతారు? సాయంత్రానికల్లా వీధంతా ఆమె బల్ల ముందు వరస కట్టింది. చాలా రోజుల తర్వాత నర్సు కంటినిండా నిద్రపోయింది.

నాలుగు వారాలకు రెండో డోసు రోజు వచ్చింది. నర్సు తొమ్మిదింటికే బల్ల వేసుకుని కూర్చుంది. పదైంది, పదకొండైంది. ఈగలు తోలుకోవడమే మిగిలింది. అందరికీ జ్వరాలొచ్చాయేమోనని కంగారుపడి వీధిలోకి పరుగెత్తింది.

వీధంతా తండ్రి బడ్డీ ముందే ఉంది. మూతికి మాస్కు లేదు, మనిషికీ మనిషికీ జానెడు ఎడం లేదు. టికెట్ల కోసం తోసుకుంటున్నారు.

"ఏంటి నాన్నా ఇది? టీకాకి ఒక్కరూ రారేం?"

తాత నలిగిన టికెట్టు ఒకటి జేబులోంచి తీసి చూపించి, మళ్ళీ భద్రంగా దాచుకున్నాడు. మొహంలో సంతోషం ఎంతుందో భయమూ అంతే ఉంది.

"పోయిన వారం అమ్ముడుపోక మిగిలిందమ్మా. మొదటి బహుమతి దీనికే తగిలింది." చొక్కా చేతులు దించి, గుండీ పెట్టుకున్నాడు. "ఆ ఒక్కడూ నేనేనని తేలిపోయింది. ఇక ఆ రెండో సూది ఎలా పొడిపించుకోమంటావే?"