రంగు డబ్బాల్లో నీలిపూలు

గట్టు మీద మోకాలెత్తు కుప్ప. వేర్లకి మట్టి ఇంకా తడిగానే ఉంది.

తెల్లారకముందే లేచి నేనొక్కణ్ణే పీకాను. మూడు వరసలు. ఆకు నిండా గరుకు నూగు. అరచేతులు మండుతున్నాయి.

మండనీ. నిన్న వచ్చినవాణ్ణి, ఇవాళ కూతురికి ఒక పని చేసి పెట్టాను.

అమ్మాయి టీ తీసుకుని వచ్చింది. కుప్ప చూసి ఆగిపోయింది.

"ఇవేంటి నాన్నా?"

"కలుపు. గుమ్మడి తీగల్ని ఊపిరాడనివ్వట్లేదు."

గ్లాసు గట్టు మీద పెట్టి, పక్కనే కూర్చుంది.

"అది నేను వేసింది నాన్నా. విత్తనం తెప్పించి మరీ వేశాను."

దాని పేరు బోరేజ్ అట. నీలిపూలు పూస్తుందట. తేనె తాగేసిన పువ్వులో కాసేపటికే మళ్ళీ ఊరుతుందట. దానికోసం వచ్చిన తేనెటీగ పక్కనున్న గుమ్మడిపువ్వులోనూ దూరుతుందని వేసిందట.

పొలం చుట్టూ గోదాములే. ఇంకో పువ్వు లేదు. పోయినవారం విచ్చిన గుమ్మడి ఆడపూల మీద ఒక్క తేనెటీగ వాలలేదట. పిందెలన్నీ పండుబారి రాలిపోయాయట.

"ఈ వారం కూడా పిందె నిలవకపోతే పొలం వదిలేస్తాను. మళ్ళీ ఆ కుట్టుమిషన్ల షెడ్డులో పనికే పోతాను."

కోపంగా అనలేదు. అన్నా బాగుండేది.

ఒక మొక్క తిరిగి పాతి చూశాను. ముల్లంగికి ఉన్నట్టు ఒకటే వేరు, అదీ సగంలో తెగింది. మధ్యాహ్నానికి తల వేలాడేసింది.

యాభై ఏళ్ళు కలుపు తీసిన చెయ్యి. దాన్నేమని తిట్టను?

సాయంత్రం కాళ్ళు కడుక్కుందామని తొట్టి దగ్గరికి పోయాను. పొద్దున ఎప్పుడు జారిందో, ఒక కొమ్మ నీళ్ళలో పడి ఉంది.

అది వాడిపోలేదు. పైగా ఒక మొగ్గ విచ్చింది. ఐదు రేకులు. నీలం.

అల్లుడికి ఫోన్ చేశాను. ఇళ్ళకి రంగులు వేస్తాడు.

"ఖాళీ డబ్బాలు ఎన్నున్నాయి?"

"బోలెడు. ఎందుకు మామయ్యా?"

"అన్నీ తీసుకురా."

తెచ్చాడు. రంగు పోయేదాకా తోమించాను. మొక్కల అడుగులు ఏటవాలుగా కోసి, డబ్బాకి నాలుగు చొప్పున నిలబెట్టాను.

"పీకడం మీకు పుట్టుకతోనే వచ్చింది మామయ్యా. నాటడమే ఇవాళ నేర్చుకుంటున్నారు."

"నీళ్ళు పొయ్యి."

"పోస్తున్నా. డబ్బాలో వ్యవసాయం మా వంశంలోనే లేదు."

"మాటలు బిందెలకొద్దీ వస్తున్నాయి, నీళ్ళే చెంబుడు కూడా రావట్లేదు."

నవ్వుతూ బక్కెట్ ఎత్తాడు.

తీగల మధ్య వరసగా పెట్టాం. అమ్మాయి దూరం నుంచి చూసి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు మార్చాను. వడలినవి తీసేశాను. చాలానే పోయాయి.

రెండోరోజు మిగిలినవాటి మొగ్గలు విచ్చాయి. తేనెటీగ రాలేదు.

"ఎన్నాళ్ళుంటాయవి?" అమ్మాయి అడిగింది.

"ఇంకో మూడు రోజులు."

"ఆడపూలు రేపు విచ్చుకుంటాయి. మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటాయి."

తెలుసు. అందుకే తెల్లారకముందే వెళ్ళి డబ్బాల మధ్య కూర్చున్నాను.

ఎండ గోదాము గోడ దాటి తీగల మీద పడింది.

ముందు ఒకటి వచ్చింది. నీలిపువ్వు కింద తలకిందులుగా వేలాడింది. వదిలింది. ఇంకోదానికి పోయింది. కాసేపటికి గుమ్మడిపువ్వులో దూరి, ఒళ్ళంతా పసుపు పూసుకుని బయటికొచ్చింది.

తర్వాత లెక్కపెట్టలేదు. చప్పుడు విన్నాను, అంతే.

అమ్మాయి ఎప్పుడొచ్చిందో, నా వెనకే చెప్పులు విప్పి నిలబడి ఉంది. ఇద్దరం కదల్లేదు.

వారం పోయాక తనే తీగల్లోకి దిగింది. నేను గట్టు మీదే ఉండిపోయాను.

ఒక ఆకు ఎత్తి చూసింది. ఇంకొకటి ఎత్తింది. వంగినమనిషి వంగినట్టే ఆ చివరిదాకా వెళ్ళింది.

తిరిగొచ్చి, పిడికెడంత పచ్చి కాయ కింద, మట్టి తగిలి కుళ్ళకుండా, గుప్పెడు ఎండుగడ్డి మెల్లగా సర్దింది.

నా వైపు చూడకుండానే అంది.

"ఈ గడ్డి చాలదు నాన్నా. ఇంకో నాలుగు మోపులు కావాలి."