పండుకునే మాటలు

“సౌ గొత్,” అన్నాడు క్రిస్టెన్సెన్ దొర, చాయ్ కప్పు కింద పెట్టి.

“సౌ గోత్,” అంది కమలవ్వ.

దొర తల అడ్డంగా ఊపి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. పక్కన నిలబడ్డ గుమాస్తా జలపతిరావు దాన్ని తెలుగు చేశాడు. “గోత్ గాదు కమలవ్వా, గొత్. టక్కున తెంపెయ్యాలె. మంచిగ పండుకో అని అర్థం.”

“తుర్కంల గూడ పండుకొమ్మంటే సో అంటరు గద సారూ, గట్లనే ఉన్నది. సౌ గొత్.”

ఈసారి దొర ఒప్పుకున్నాడు.

మంచిర్యాల దగ్గరి సిమెంటు కార్ఖానాలో యంత్రాలు బిగించడానికి ఆయన డెన్మార్క్ నుంచి వచ్చి అయిదేళ్లయింది. వచ్చిన ఏడాదికి ఆడపిల్ల పుట్టింది. పదో రోజున దొరసాని జ్వరంతో పోయింది. అదే నెలలో తన కొడుకును మట్టిలో పెట్టి వచ్చిన కమలవ్వ, ఆ పసిదాన్ని ఒళ్లో వేసుకొని పాలిచ్చింది. ఇంగె అన్న పేరు ఆమె నోట ఇంగవ్వ అయింది. దొర తెల్లవారకముందే కార్ఖానాకు పోయి, పిల్ల పడుకున్నాక వచ్చేవాడు. నాలుగేళ్లు నిండినా ఇంగవ్వకు తెలుగు తప్ప మరో భాష రాదు.

ఇప్పుడు పని ముగిసింది. ఇంకో ఇరవై రోజుల్లో ప్రయాణం. వార్ధా మీదుగా బొంబాయి, అక్కడ ఓడ. డెన్మార్క్‌లో పిల్ల ఉండబోయేది దొర అక్కగారింట్లో. ఆమెకు తెలుగెట్లా వస్తుంది? అందుకే పండుకునే మాటలు నేర్పమని కమలవ్వే వచ్చి అడిగింది.

“గవ్వేనా అని అడుగుతున్నడు దొర,” అన్నాడు జలపతిరావు. “అన్నం, నీళ్లు, అంగడి, గిసొంటి మాటలు వద్దా?”

“వద్దు సారూ. ఆకలైతే ఏలు సూపిస్తే పెడతరు. ఆట, నలుగురు పిల్లలను సూస్తే అదే అస్తది. చీకట్ల ఏలు కనవడది గదా.”

జలపతిరావు ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాడు. దొర నెమ్మదిగా మరో వాక్యం పలికాడు. యై ఎర్ బంగె. నాకు భయమైతుంది అని అర్థం చెప్పాడు జలపతిరావు.

ఆ రోజు నుంచి కమలవ్వకు ఒకచోట కుదురు లేదు. వాకిలి ఊడుస్తూ సగంలో ఆగిపోయేది. బావిలో చేద వేసి తోడడం మరిచిపోయేది. యై ఎర్ సౌనీ అంటే నిద్రొస్తోంది. తెన్ లూసెత్ అంటే దీపం పెట్టు. చదువు రాదు కాబట్టి, మాటకొక ముడి చొప్పున కొంగుకు ముడులు వేసుకుంది. ఒక మాట నోటికొస్తే ఇంకొకటి జారిపోయేది. పడుకున్నా పెదవులు ఆడుతూనే ఉండేవి.

ఇంగవ్వకు ఇదంతా ఆట. “అవ్వా, నువ్వు గట్ల మాట్లాడితే నవ్వస్తుంది. యై ఎర్ సౌనీ, యై ఎర్ సౌనీ. నేనే జల్ది అన్న.”

“ఏదీ, నాకంటె ముందు దీపం మాట అను సూద్దాం.”

పిల్ల అనేది. కమలవ్వ ప్రతిసారీ ఓడిపోయేది.

పక్కింటి దేవవ్వ ఒక సాయంత్రం పాత చీరలతో కుట్టిన బొంత తెచ్చింది. కమలవ్వ రేకుపెట్టెలో పిల్ల ఉన్ని బట్టలు సర్దుతోంది.

“నల్లనీళ్లు దాటుడు ఏందే కమలా? ఆడ నెలలకు నెలలు మంచేనట. సలికి కట్టెవడిపోతవు.”

“సలి సంగతి తర్వాత. గీ మాటలే నోట్లె నిలుస్తలేవు దేవక్కా.”

“మనసుల నిమ్మళం ఉంటె గదా నిలిచేది. జర కూసో.”

కమలవ్వ కూర్చోలేదు. దేవవ్వ కళ్లు తుడుచుకొని, బొంతను తనే మడిచి పెట్టెలో పెట్టింది.

మంచం మీద దొర్లుతున్న ఇంగవ్వ లేచి కూర్చుంది. “అవ్వా, ఓడల గూడ నువ్వు నా పక్కకే పండుకుంటవా?”

“నువ్వు నిద్రవోకముందు నేనెన్నడన్న లేచి పోయిన్నా?”

“లేదు.”

“మరి? పండుకో.”

ప్రయాణం రోజు మధ్యాహ్నం జలపతిరావు కూడా స్టేషనుకు వచ్చాడు. ఇంజనుకు నీళ్లు పట్టేదాకా బండి ఆగుతుందన్నారు. కమలవ్వ పెట్టెను సీటు కిందికి తోసి, బొంత పరిచి, ఇంగవ్వను కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఎదుటి సీటులో సర్దుకుంది. మంచినీళ్ల కూజా ఒకసారి అటు జరిపింది, ఒకసారి ఇటు జరిపింది. దొర కూతురి పక్కన చేతులు ముడుచుకొని కూర్చున్నాడు.

పొద్దున్నుంచి గంతులు వేసిన పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి.

“అవ్వా, నిద్రస్తుంది.”

కమలవ్వ పలకలేదు. కొంగు ముడులు గట్టిగా పట్టుకొని కిటికీలోంచి బయటికి చూసింది. పిల్ల ఆమెను చూసింది. తండ్రిని చూసింది. కాసేపు కాళ్లు ఊపింది.

“యై ఎర్ సౌనీ,” అంది, తండ్రి చొక్కా పట్టుకొని.

దొర ఉలిక్కిపడ్డాడు. కూతురు ఆయనతో ఆయన భాషలో మాట్లాడడం అదే మొదలు. మెల్లగా ఆమెను రొమ్ముకు ఆనించుకొని, బొంత కప్పాడు.

“సౌ గొత్, ఇంగె.”

పిల్ల నవ్వి కళ్లు మూసుకుంది. కమలవ్వ ఇటు తిరిగి, ఆ చిన్న ఊపిరి నిదానించే దాకా చూస్తూ కూర్చుంది. ఇరవై రోజులుగా నిలకడ లేని ఆమె పెదవులు ఇప్పుడు కదలడం లేదు. దొర ఏదో చెప్పబోతే, లేస్తదన్నట్టు వేలు అడ్డం పెట్టింది.

గార్డు ఈల వేశాడు.

కమలవ్వ రైలు దిగింది.