ఏరా

“మీవాడు ‘ఏరా’ అని తిట్టాడట. అందుకే కొట్టామని కోర్టులో అంటున్నారమ్మా,” పంజగుట్టలోని తన ఆఫీసులో లాయర్ వసుమతి ఇబ్బందిగా చెప్పింది.

ఉట్నూరు నుంచి వచ్చిన గోండు తల్లి సోంబాయి తలెత్తింది. “నా భీంరావు అట్ల అనడు. జర ఆ వీడియో వినిపియ్యి.”

అమీర్‌పేటకు కోచింగ్‌కొచ్చిన కుర్రాణ్ణి, అడవివాడిలా ఉన్నాడని వీధివాళ్లు దొంగను చేసి, చచ్చేదాకా కొట్టారు. అప్పుడు ఎవరో ఫోన్‌లో తీసిన వీడియోను వసుమతి పదిసార్లు చూసింది. తనకూ ‘ఏరా’ అనే వినిపించింది.

తల్లికి కనబడకుండా ఫోన్ బోర్లించి, మాట మాత్రం వినిపించింది.

“ఏర్... ఏర్...”

సోంబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. “తిట్టలేదమ్మా,” అంది కొంగు తీసి. “ఏర్ అంటే మా గోండిల నీళ్లు.”

వసుమతి ఇచ్చిన మంచినీళ్ల గ్లాసును సోంబాయి రెండు చేతులా ఎత్తి, బోర్లించిన ఫోన్ పక్కన పెట్టింది.