నూట ఇరవై గ్రాములు

"నూట ఇరవై గ్రాములు ఎక్కువున్నవమ్మా," అన్నాడు తూకం దగ్గరి అధికారి. "పావుగంటల యాభై నాలుగు కిలోలకు రాకుంటే పేరు కొట్టేస్త."

షామీర్‌పేటలో రాష్ట్రస్థాయి బాక్సింగ్ పోటీలు. కాన్పయిన ఏడు నెలలకు రేచల్ మళ్లీ రింగెక్కాలని వచ్చింది. బరువు కోసం పొద్దుటినుంచి గుక్కెడు నీళ్లు తాగలేదు. ఇంకా పరుగెత్తి చెమట కార్చే ఓపిక లేదు.

బయట అత్త ఎలీషమ్మ పాపనెత్తుకుని నిలబడి ఉంది. ఈ ఆట మానెయ్యమని నాగారం నుంచి దారి పొడుగునా సణుగుతూనే వచ్చింది.

"ఇంటికి పోదాం అత్తమ్మా. బరువెక్కువుందంట."

"ఎంత?"

రేచల్ చెప్పింది. ఎలీషమ్మ పాపను కోడలి ఒళ్లో పెట్టింది.

"తెల్లారినుంచి పాలియ్యలే గదా. ఇయ్యి. రెండు దిక్కులా ఇయ్యి."

పాప ఆకలి మీద ఆబగా తాగింది. రేచల్ మళ్లీ తూకమెక్కింది. సరిగ్గా యాభై నాలుగు.

"పిల్లతల్లివి, గీ దెబ్బలాట నీకెందుకమ్మా?" అన్నాడు అధికారి పెన్ను తీస్తూ.

రేచల్ నోరు తెరిచేలోపే గుమ్మంలోంచి ఎలీషమ్మ అందుకుంది.

"వద్దనాలంటే నేననాలె సారూ. నేనే అంటలేను. నువ్వు పేరు రాయి."