తక్కువైన తొమ్మిది ముక్కలు

"ఈ పేకలో తొమ్మిది ముక్కలు తక్కువున్నాయి. ఎక్కడ పెట్టారు?"

బూటు లేసు కట్టుకుంటున్న భర్త చెయ్యి ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

"నన్నడుగుతావేం? నీ ముక్కలు, నీ ఆట."

"డెబ్భై ఎనిమిది ఉండాలి. మూడుసార్లు లెక్కపెట్టాను. పోయినవి కూడా ఎవరో పనిగట్టుకుని ఏరినట్టే పోయాయి. చావు బొమ్మ లేదు. పిడుగు పడే మేడ లేదు. గుండెలో మూడు కత్తులు దిగినది లేదు. అన్నీ అలాంటివే!"

"నాకు ఆలస్యమవుతోంది" అంటూ అతను లేచాడు. రెండో బూటు లేసు కట్టుకోకుండానే మెట్లు దిగిపోయాడు.

ఆ టారో కార్డులు, జోస్యం చెప్పే బొమ్మల పేక, ఆమె చెల్లెలు తెచ్చిచ్చినవి. "జాతకం చూసుకోవడానికి కాదక్కా. రోజుకో ముక్క తియ్యి. బొమ్మ చూసి తోచింది పది లైన్లు రాయి. ఎవరికీ చూపించక్కర్లేదు" అంది. ఆమె పిల్లల కథలు రాసే మనిషి. ఏడేళ్ల కూతురు జ్వరంతో పోయిన దగ్గర్నుంచి కలం ముట్టలేదు. చెల్లెలి పోరు పడలేక ఒక ముక్క తీసింది. భుజాన మూటతో కొండ అంచుదాకా వచ్చేసిన దేశదిమ్మరి, వాడి కాళ్ల దగ్గర గెంతుతున్న కుక్కపిల్ల. ఆ కుక్కపిల్లకి ఆమె నత్తి పెట్టింది. పడిపోతావురా అని చెప్పాలని దాని ఆరాటం, మొదటి అక్షరమే దాటదు. నాలుగో లైనుకి తనే కిసుక్కున నవ్వింది. నవ్వినందుకు ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మూడు వారాలుగా ఆ ముక్క తీయడం కోసమే పొద్దున్న మంచం దిగుతోంది. ఇవాళ చెల్లెలు ఫోన్ చేసి, "చావు ముక్క ఇంకా రాలేదా? వస్తే హడలిపోకు" అనబట్టి అనుమానం వచ్చి లెక్కపెట్టింది.

అతను వెళ్లాక ఒళ్లు మండిపోయింది. తనని గాజుబొమ్మని చేసి కూర్చోబెట్టాడన్నమాట! మనసు కాస్త కుదుటపడింది, చేతిలోకి మళ్లీ కథ వచ్చింది అని మురిసిపోయింది ఇన్నాళ్లూ. చూస్తే, ఆయన ఏరిపెట్టిన మంచి బొమ్మలతో ఆడుకుంది, అంతే. అయినా ఆయనకేం తెలుస్తుంది? కూతురు పోయిన రోజున కూడా కంట తడి పెట్టని మనిషి. మూడో రోజుకల్లా పనిలోకి వెళ్లిపోయిన మనిషి.

రాసిన కాగితాలన్నీ చించెయ్యబోయి ఆగింది. ఆయన మొహం మీదే చించుదామని సంచిలో కుక్కుకుని బయల్దేరింది.

అతను పనిచేసేది కళ్లజోళ్ల షాపులో. ముందు గదిలో గోడనిండా ఫ్రేములు, వెనక గదిలో అద్దాలు అరగదీసే చక్రం. ఆమెని చూడగానే ఓనరు కుర్చీలోంచి లేచాడు.

"రామ్మా. భోజనానికి కూర్చున్నాడు. ఈమధ్య ఆ అరగంటా తలుపేసుకుంటున్నాడు. మేమూ కదిలించడం లేదు."

ఆమె తలుపు తోసింది. చక్రం ఆగి ఉంది. దాని కింద తొట్టిలో నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి. క్యారేజీకి మూత కూడా తీయలేదు. బల్లమీద అద్దాల కొలతలు రాసుకునే పుస్తకం, చేతిలో పెన్సిలు. ఆమెని చూసి అతను పుస్తకం మీద అరచెయ్యి కప్పేశాడు. వేళ్ల సందుల్లోంచి ముక్క అంచు కనబడుతూనే ఉంది.

"అవి చూస్తే మళ్లీ మంచం పడతాననా? నన్ను కాపాడదామని దాచారా?"

"కాదు."

"మరి?"

అతను పెన్సిలు కింద పెట్టాడు. "ఆ రోజు రాస్తూ నవ్వావు చూడు. వంటింట్లోంచి విన్నాను. రాస్తే తేలికవుతుందేమో అనిపించింది. మంచివి నీకు వదిలేసి ఇవి తెచ్చుకున్నాను." చెయ్యి తీశాడు. "నాకు నీలా రాదు. తప్పులుంటాయి."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. పేజీకొక ముక్క అంటించి ఉంది. కింద పెన్సిలు రాత, ఒత్తులు సరిగ్గా లేకుండా.

ఒంటికాలి మీద తలకిందులుగా వేలాడుతున్న మనిషి బొమ్మ. 'అమ్మాయికి ఎనిమిదేళ్లు. స్కూల్లో కడ్డీకి తలకిందులుగా వేలాడి దబ్బున పడింది. మోకాలు దోక్కుపోయింది. ఏడవలేదు. ఇంటికొచ్చి నన్ను చూశాక ఏడ్చింది.'

పిడుగు పడే మేడ. 'ఇరవై రెండు. చదువు పూర్తయ్యింది. పిడుగు పడినా చెక్కుచెదరని మేడ కడతానంటోంది. గొప్పలు వాళ్లమ్మవే.'

గుండెలో మూడు కత్తులు. 'ఇరవై ఐదు. ఇష్టపడ్డవాడు కాదు పొమ్మన్నాడు. మూడు రోజులు గది తలుపు తియ్యలేదు. తలుపు బయటే కూర్చున్నాను. నాలుగో రోజు బయటికొచ్చి ఆకలేస్తోంది నాన్నా అంది.'

అక్షరాలు అలుక్కుపోతుంటే ఆమె కళ్లు తుడుచుకుని పేజీలు తిప్పింది. ఆఖరి ముక్క దగ్గర చెయ్యి ఆగిపోయింది. తెల్లగుర్రం మీద వస్తున్న అస్థిపంజరం.

"ఇది నేను చదవలేను" అంది.

"చదువు. ఇందాకే రాయడం అయింది" అన్నాడతను.

ఆమె చదివింది.

'మా అమ్మాయి ఇవాళ పోయింది. తన మనవరాలు పక్కన కూర్చుని గట్టిగా కథ చదువుతుంటే వింటూ వింటూ నిద్రలోకి జారుకుంది, ఇంక లేవలేదు. వయసు ఎనభై రెండు.'