మూసిన నౌకలో ఊపిరి

అమెరికాలోని హెర్న్‌డన్‌లో ఉన్న ఆ కంట్రోల్ రూమ్‌లో రాత్రి డ్యూటీకి జోసఫిన్, ఆమె పై అధికారి ఫణి మాత్రమే ఉన్నారు. అంతరిక్ష కేంద్రానికి సరుకులు చేరవేసే కాంట్రాక్టు వాళ్ళ కంపెనీది. సరుకు దించి, చెత్త నింపుకుని కేంద్రం నుంచి విడిపోయిన నౌకను ఆ రాత్రి వాతావరణంలోకి తోసి కాల్చేయాలి.

తలుపులు మూసిన ఆ నౌకలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోంది, లోపల ఎవరో ఊపిరి పీల్చి వదులుతున్నట్టు.

"కేంద్రంలో అందరూ ఉన్నారా అని మళ్ళీ అడగండి, ఫణి గారూ."

"చెక్ చేశానండీ, అందరూ ఉన్నారు. సెన్సర్ పాడై ఉంటుంది."

జోసఫిన్‌కు మనసొప్పలేదు. ఇక్కణ్ణుంచే నౌక లోపలి లైటు వేసింది. పెరుగుతున్న అంకె టక్కున ఆగింది. లైటు ఆర్పింది. కాసేపటికి అంకె మళ్ళీ కదిలింది, బిగబట్టిన ఊపిరి ఎవరో వదిలినట్టు.

ఫణి ముఖం పాలిపోయింది.

"బర్న్ ఆపండి, ఇంజన్ మండించకండి! మీ కాళ్ళు పట్టుకుంటాను, లోపల ఎవరో ఉన్నారు!" అంది జోసఫిన్.

"ఇప్పుడు ఆపితే అది తర్వాత అదుపు లేకుండా ఏ ఊరి మీద పడుతుందో చెప్పలేం, జోసఫిన్ గారూ."

"ప్రభువా!" అంటూ ఆమె అతన్ని నెట్టేసి క్యాన్సిల్ కమాండ్ పంపింది. జవాబు రాలేదు. మళ్ళీ మళ్ళీ పంపింది. ఈలోగా ఇంజన్ మండింది. నౌక కిందికి జారడం మొదలైంది.

అప్పుడు కొత్త హెచ్చరిక మోగింది. తలుపు గడియ లోపలి నుంచి తిరుగుతోంది.

జోసఫిన్ తెర మీద అరచెయ్యి ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చింది. "వద్దు, తెరవకండి. బయట గాలి లేదు. దయచేసి తెరవకండి."

ఆ నౌకకు మాట వినిపించే ఏర్పాటే లేదు. అయినా గడియ తిరగడం ఆగిపోయింది.